నిలిపిన బండికి దెబ్బ: పారిపోయినవాని బాధ్యత, యజమాని కర్తవ్యము

నడచుచున్న రెండు బండ్లు ఢీకొన్నప్పుడు తగవు ఇద్దరి నడుమ నుండును. తప్పు ఎవరిదో తేల్చుట కష్టము కావచ్చును గాని, అడుగుటకు ఎదుట ఒక మనిషియైనను ఉండును. నిలిపియుంచిన కారును ఎవరో కొట్టి పోయినప్పుడు ఆ మాత్రపు ఆధారమును ఉండదు. యజమాని తిరిగి వచ్చునప్పటికి తలుపు సొట్టపడి యుండును; వెనుక దీపము పగిలి యుండును; చుట్టుప్రక్కల జనము ఎవరి పనిలో వారుందురు. కొట్టినది ఏ బండియో, ఎప్పుడో, ఎవరో తెలియదు. ఇట్టి సమయమున చేయదగినదేమి, చట్టము ఇచ్చు అండ ఎంత, బీమా వలన ఒనగూడునది ఎంత అను సంగతులను ఈ ప్రసంగమున వివరింపదలచినాము.

నల్లగొండ, మహబూబ్‌నగర్ సీమలవారికి ఇది దూరపు విషయము కాదు. హైదరాబాదు నుండి విజయవాడ వైపు సాగు 65వ నంబరు జాతీయ రహదారి చౌటుప్పల్, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడల మీదుగా పోవుచున్నది. కర్నూలు వైపు సాగు 44వ నంబరు రహదారి షాద్‌నగర్, జడ్చర్ల, భూత్పూరు, కొత్తకోట, పెబ్బేరుల మీదుగా పోయి అలంపూర్ చౌరస్తా దాటిన పిదప తుంగభద్రను చేరుచున్నది. ఈ రెండు మార్గములందును రాత్రింబవళ్లు లారీలు, బస్సులు, కార్లు తెరపి లేక నడచుచుండును. సంక్రాంతి దినములలో విజయవాడ దారిని చూచినవారికి ఆ రద్దీ ఎట్టిదో చెప్పనక్కరలేదు. వరికోతల కాలమున మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ధాన్యము చేరవేయు ట్రాక్టర్లు బారులు తీరును. యాదగిరిగుట్టకును, చెరువుగట్టుకును, మన్యంకొండకును, కురుమూర్తి జాతరకును వచ్చు యాత్రికులు దారి ప్రక్కన దొరికిన జాగాలో బండి నిలిపి నడచిపోవుదురు. ఇక నల్లగొండలోను, మహబూబ్‌నగర్‌లోను గడియారపు స్తంభము చుట్టునున్న బజారులలో బండిని వెనుకకు త్రిప్పుకొనుటయే ఒక విద్య. నిలిపిన బండికి దెబ్బ తగులుట ఇట్టి తావులలోనే ఎక్కువ.

ఈ నష్టము అందరికి ఒక్క తీరున తగులదు. సొంతమునకు కారు ఉంచుకొన్న ఉద్యోగికి అది కొన్ని దినముల చికాకు. అప్పు తీసికొని టాక్సీ కొని, నెలనెలకు వాయిదా కట్టుచు కిరాయికి నడపుకొను వానికి బండి మరమ్మతు శాలలో నిలిచిన ప్రతి దినము ఒక కూలి దినము పోయినట్లే. ఆ వాయిదా మాత్రము ఆగదు. కనుకనే ఇది సొట్ట పడిన రేకును గురించిన ముచ్చటగా మాత్రమే మేము తలంపలేదు.

మొదట ఒక అపోహను తొలగింపవలెను. కొట్టి పారిపోవుట అనగానే పదేండ్ల జైలు శిక్ష అను మాట పలువురి నోట వినబడుచున్నది. 2024 జనవరి మొదటి వారమున లారీ డ్రైవర్లు సమ్మె చేసిన సంగతియు, హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందర బండ్లు బారులు తీరిన సంగతియు చాలమందికి జ్ఞాపకముండును. ఆ ఆందోళనకు కారణమైనది భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షను రెండవ ఉపవిభాగము. నిర్లక్ష్యముగా బండి నడపి మనిషి మరణమునకు కారణమై, పోలీసులకుగాని మేజిస్ట్రేటుకుగాని తెలుపక పారిపోయినవానిని గురించినది అది. 2024 జూలై 1వ తేదీన ఆ సంహితను అమలులోనికి తెచ్చునప్పుడు ఈ ఒక్క ఉపవిభాగమును మినహాయించిరి. అది ఎట్లున్నను, మనుష్యులు లేని కారుకు తగిలిన దెబ్బతో దానికి సంబంధము లేదు.

అట్లే ప్రభుత్వ పరిహారమును గురించియు ఒక భ్రమ కలదు. గుర్తు తెలియని బండి కొట్టి మనిషి మరణించినచో 2 లక్షల రూపాయలు, తీవ్రముగా గాయపడినచో 50 వేల రూపాయలు ఇచ్చు పథకము 2022 ఏప్రిలు 1 నుండి అమలులో నున్నది. అంతకుముందు ఈ మొత్తములు 25,000, 12,500 రూపాయలుగా నుండెను. ఈ సొమ్ము ప్రాణమునకును శరీరమునకును గలిగిన హానికే గాని ఆస్తికి గలిగిన నష్టమునకు కాదు. కారు ఎంత పాడైనను ఆ నిధి నుండి ఒక్క రూపాయియు రాదు.

అట్లయినచో కారును కొట్టి పోయినవానికి చట్టమున బాధ్యతయే లేదా? తప్పక కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 134వ సెక్షను ఈ సందర్భమునకు మూలము. ఒక బండి వలన మనిషికి గాయమైనను సరే, ఇతరుల ఆస్తికి నష్టము కలిగినను సరే, డ్రైవరు చేయవలసిన పనులను అది విధించుచున్నది. గాయపడినవారికి వైద్యసహాయము అందునట్లు చూడవలెను. పోలీసు అధికారి అడిగిన వివరములను చెప్పవలెను. అక్కడ పోలీసు లేనిచో దగ్గరి ఠాణాకు వీలైనంత త్వరగా, ఎట్లయినను 24 గంటలలోపల, జరిగిన దానిని తెలుపవలెను. తన బీమా సంస్థకును వ్రాతపూర్వకముగా తెలియజేయవలెను. ఇట్లు చేయనివానికి 187వ సెక్షను క్రింద ఆరు నెలల వరకు జైలుగాని, 5,000 రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. 2019 సవరణకు ముందు ఇవి మూడు నెలలు, 500 రూపాయలు మాత్రమే.

ఈ సెక్షనులో గమనింపదగిన విశేషము ఒకటి కలదు. కొట్టినవాడు ఏల పారిపోవును? జనము మూగి కొట్టుదురను భయమే తరచుగా కారణమని డ్రైవర్లు చెప్పుదురు. ఆ భయమును చట్టము ఎరుగక పోలేదు. జనుల ఆగ్రహము వలన గాయపడినవానికి అక్కడనే సహాయము చేయుట సాధ్యము కానిచో, ఆ మేరకు మినహాయింపు ఇచ్చుచున్నది. కాని ఠాణాకు తెలుపవలసిన విధికి మాత్రము మినహాయింపు లేదు. అనగా భయపడి అక్కడినుండి తొలగిపోయిన మనిషికిని చట్టము 24 గంటల గడువు నిచ్చినది. ఆ గడువులో ఠాణాకు పోయినవాడు తన విధిని నెరవేర్చినవాడగును, పోనివాడే తప్పించుకొన్నవాడగును. ఖాళీ కారును కొట్టినవానికి జనభయమని చెప్పుకొనుటకును చోటు తక్కువ.

ఇక యజమాని సంగతి. ఫ్రాన్సు దేశమున లియాన్ నగరములో 1910వ సంవత్సరమున నేరపరిశోధనకు ప్రయోగశాలను నెలకొల్పిన ఎడ్మండ్ లొకార్డ్ అను శాస్త్రజ్ఞుని సిద్ధాంతము ఒకటి ప్రసిద్ధము. రెండు వస్తువులు తాకినచో ఒకదాని గుర్తు మరియొకదానిపై నిలుచును అనునదే దాని సారము. నిలిపిన కారుకు నోరు లేకపోయినను ఒంటిపై సాక్ష్యము ఉండును. ఆ సాక్ష్యము త్వరగా చెరిగిపోవును గనుక మొదటి అరగంటయే ముఖ్యము.

బండిని కదల్పకముందే ఫోటోలు తీయవలెను. మొదట దూరమునుండి, రోడ్డు, దుకాణపు బోర్డు, బండి నంబరు కనబడునట్లు. పిదప దగ్గరనుండి, దెబ్బ స్పష్టముగా కనబడునట్లు. గీత నేలకు ఎంత ఎత్తున నున్నదో కొలచి, కొలబద్దనో చేతికర్రనో ప్రక్కన నిలిపి మరియొక ఫోటో తీయవలెను. లారీ బంపరు, ట్రాలీ మూల, ఆటో ప్రక్కభాగము, మోటారు సైకిలు పిడి వేర్వేరు ఎత్తులలో నుండుటచేత, కొట్టినది ఎట్టి బండియో ఈ కొలతయే చాలవరకు తెలుపును. సొట్టలో అంటిన పరాయి రంగును తుడువరాదు. నేలపై పడిన దీపపు గాజుముక్కలను, ప్లాస్టిక్కు ముక్కలను ఏరి కాగితపు సంచిలో పెట్టి తేది, వేళ వ్రాయవలెను. ఆ ముక్కలపై తయారీదారుని గుర్తు ఉండుటయు కద్దు.

తరువాత మనుష్యుల వంతు. టీ కొట్టువారు, పండ్ల బండివారు, ఆటో అడ్డాలోని వారు కదలక ఒక్క చోటనుండి చూచువారు. గద్దించి అడిగినచో ఎవరును నోరు విప్పరు. నెమ్మదిగా అడిగినచో ఒకరైనను చెప్పుదురు. పూర్తి నంబరు తెలియకపోయినను మొదటి అక్షరములు చాల సాయపడును. నల్లగొండ బండ్లకు పూర్వము ఏ.పి. 24, మహబూబ్‌నగర్ బండ్లకు ఏ.పి. 22 ఉండెను, తెలంగాణ ఏర్పడిన పిదప అవి టి.ఎస్. 05, టి.ఎస్. 06 అయినవి, 2024 మార్చి నుండి క్రొత్త బండ్లకు టి.జి. అక్షరములు వచ్చినవి. కె.ఏ. 36 అన్నచో రాయచూరు బండి. ఆంధ్రప్రదేశమున 2019 నుండి రాష్ట్రమంతటికి ఏ.పి. 39 అను వరుసను వాడుట మొదలిడిరి గనుక, ఆ అంకెను బట్టి జిల్లా తెలియదు.

అటుపిమ్మట కెమెరాలు. చాల దుకాణములలోని కెమెరాలు కొన్ని దినములకే పాత చిత్రములపై క్రొత్త చిత్రములను ఎక్కించుకొనును. కావున మరునాటికి వాయిదా వేయరాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2013లో వచ్చిన ప్రజాభద్రతా చట్టము, జనము ఎక్కువగా గుమికూడు సంస్థలు కెమెరాలు పెట్టి, చిత్రములను 30 దినములు భద్రపరచి, పోలీసు ఇన్‌స్పెక్టరు కోరినప్పుడు ఇయ్యవలెనని విధించినది. దుకాణదారు చిత్రమును మన చేతికి ఇయ్యనక్కరలేదు. చెరుపక ఉంచుమని కోరి, ఆ సంగతిని ఫిర్యాదులో వ్రాసిన చాలును. రహదారిపై జరిగినచో పంతంగి, కొర్లపహాడ్, రాయికల్, శాఖాపూర్ టోల్ గేట్లు బండ్ల రాకపోకలను నమోదు చేయుచున్నవి. 2021 ఫిబ్రవరి మధ్యనుండి ఫాస్టాగు తప్పనిసరి యగుటచేత ఏ బండి ఏ నిమిషమున దాటినదో అచట తెలియును. ఆ వివరములను అడుగు అధికారము పోలీసులది. ఏ వేళకు అడుగవలెనో చెప్పగలవాడు యజమాని. కావున బండిని నిలిపిన వేళను, దెబ్బను చూచిన వేళను సరిగా వ్రాసికొనవలెను.

ఫిర్యాదును వ్రాతపూర్వకముగా ఇచ్చుట మేలు. పొడవు అక్కరలేదు. బండి నంబరు, నిలిపిన స్థలము, ఆ రెండు వేళలు, దెబ్బ స్వరూపము, చూచినవారి పేర్లు, కెమెరాలున్న చోట్లు, ఇంతియే. తెలియని దానిని తెలిసినట్లు వ్రాయరాదు. బుద్ధిపూర్వకముగా పగులగొట్టుట ఒక నేరము. అజాగ్రత్తవలన తాకుట వేరు. బజారులో మనుష్యులకు అపాయము కలుగునంత దుడుకుగా నడపినచో న్యాయ సంహితలోని 281వ సెక్షను వర్తించును. పోలీసులు నేరుగా దర్యాప్తు చేయదగిన నేరమైనచో ఎఫ్.ఐ.ఆర్. వ్రాసి దాని ప్రతిని ఉచితముగా ఇయ్యవలెను. కానిచో తమ పుస్తకమున నమోదు చేసి మేజిస్ట్రేటు వద్దకు పొమ్మందురు. ఏది చేసినను ఫిర్యాదు అందినట్లు తేది, నంబరుతో రసీదు పుచ్చుకొనుట మరువరాదు.

ఏ ఠాణాకు పోవలెను అను సందేహమునకును ఇపుడు సమాధానము కలదు. 2016 అక్టోబరు 11న పాత జిల్లాలు విడిపోయి నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అనియు. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల అనియు ఏర్పడినవి. 2019లో నారాయణపేట జిల్లా అయినది. గుట్టపై తగిలిన దెబ్బను దేవరకొండలో ఇంటికి వచ్చిన పిదప చూచినవాడు ఏమి చేయవలెను? నేరుగా దర్యాప్తు చేయదగిన నేరమును గూర్చిన ఫిర్యాదును, హద్దుతో నిమిత్తము లేక, ఏ ఠాణాలోనైనను స్వీకరింపవలెనని 2024 జూలై 1 నుండి అమలులోనున్న నాగరిక సురక్షా సంహిత చెప్పుచున్నది. ఠాణాలో తీసికొననిచో జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు తపాలాలో పంపవచ్చును. కేవలము నమోదుకు మాత్రమే తగిన చిన్న సంగతియైనచో దెబ్బ తగిలిన చోటి ఠాణాయే మేలు.

బీమా సంగతి జాగ్రత్తగా వినవలసినది. చట్టము తప్పనిసరి చేసినది ఇతరులకు గలుగు నష్టమునకు చేయు బీమాను మాత్రమే. దానినే థర్డ్ పార్టీ పాలసీ అందురు. మన బండి ఇతరులను కొట్టినచో అది ఆదుకొనును. ఎవరో మన బండిని కొట్టి పారిపోయినచో ఏమియు ఇయ్యదు. సొంత నష్టమునకు కూడ చేసిన సమగ్ర బీమా ఉన్నప్పుడే కొట్టినవాడు దొరకకపోయినను మరమ్మతు ఖర్చు వచ్చును. ఈ తేడా తెలియక, తక్కువ ప్రీమియమని మొదటిదానితోనే సరిపెట్టుకొనువారు పెక్కుమంది. టాక్సీ వలన బ్రతుకువారు ముఖ్యముగా దీనిని ఆలోచింపవలెను.

సమగ్ర బీమా కలవారు వెంటనే సంస్థకు తెలిపి, సర్వేయరు చూచువరకు మరమ్మతు చేయింపక ఉండవలెను. గోడకు తగిలినదని వ్రాయుమని సలహా ఇచ్చువారు కొందరుందురు. అబద్ధము వ్రాసినచో సొమ్ము నిరాకరించుటకు మనమే కారణము చూపినవారమగుదుము. నిలిపియుండగా గుర్తు తెలియని బండి కొట్టినదని ఉన్నది ఉన్నట్లు వ్రాసి, ఠాణా రసీదును జతపరచినచో చాలును.

అయితే ప్రతి గీతకు సొమ్ము కోరుట లాభమా? లెక్క వేసి చూతము. సొంత నష్టపు ప్రీమియము ఏటికి 8,000 రూపాయలనుకొందము. ఐదేండ్లు వరుసగా సొమ్ము కోరనివానికి సగము తగ్గింపు దొరకును గనుక అతడు 4,000 మాత్రమే చెల్లించును. ఒక్కసారి సొమ్ము కోరినచో మరుసటి ఏడు తగ్గింపు పోయి 8,000 చెల్లింపవలెను. పిదప తగ్గింపు 20, 25, 35, 45, 50 శాతముగా మెట్టుమెట్టుగా మరల పెరుగును. అనగా ఆ తరువాతి ఏండ్లలో 6,400, 6,000, 5,200, 4,400 చెల్లించి, ఆరవ ఏట గాని 4,000కు చేరడు. బండి ధర ఏటేట తగ్గు సంగతిని విడిచినచో, ఈ ఐదేండ్లలో అదనముగా చెల్లించినది సరిగా 10,000 రూపాయలు. ఇక వచ్చునది ఎంత? బంపరు ధర 6,000 అనుకొందము. ప్లాస్టిక్కు, రబ్బరు, నైలాను భాగములకు సంస్థ సగమే ఇచ్చును; అందును 1,500 సి.సి. వరకు గల సొంత కారుకు 1,000 రూపాయలు, అంతకు మించిన దానికి 2,000 రూపాయలు యజమాని భరింపవలెను. మిగిలినది 2,000 రూపాయలు. రెండువేల కొరకు పదివేలు పోగొట్టుకొనుట తెలివి కాదు. తరుగుదల కోయని పాలసీ, తగ్గింపును కాపాడు పాలసీ తీసికొన్నవారికి ఈ లెక్క మారును. తలుపు, ఇరుసు, దీపములు కలిసి ముప్పది నలుబది వేల నష్టమైనచో సొమ్ము కోరుటయే న్యాయము.

అదృష్టవశమున కొట్టిన బండి నంబరు దొరికినచో దారులు తెరచుకొనును. ఆ వేళ బండిని నడపినది ఎవరో అధికారము గల పోలీసు అధికారి అడిగినప్పుడు యజమాని చెప్పవలెనని 133వ సెక్షను విధించుచున్నది. ఆస్తి నష్టమునకు పరిహారము కోరుచు మోటారు ప్రమాదముల ట్రిబ్యునలుకు దరఖాస్తు చేయవచ్చును. ప్రమాదము జరిగిన చోటనే గాక, దరఖాస్తుదారు నివసించు చోటను చేయవచ్చును. కర్నూలులో దెబ్బ తిన్న నల్లగొండ కారు యజమాని నల్లగొండలోనే అడుగవచ్చును. 2022 ఏప్రిలు 1 నుండి దీనికి చట్టము విధించిన గడువు ఆరు నెలలు. కొట్టిన కారుకు మామూలు పాలసీ ఉన్నచో ఇతరుల ఆస్తికి గలిగిన నష్టమునకు 7 లక్షల 50 వేల రూపాయల వరకు అతని సంస్థ భరించును. మోటారు సైకిలైనచో లక్ష రూపాయల వరకు. ఒకే నష్టమునకు రెండు చోట్ల సొమ్ము పుచ్చుకొనరాదు.

న్యాయము కోరువాని చేయి శుభ్రముగా నుండవలెను. మలుపులలోను, వంతెనలపైన, కూడళ్లలోను, బస్సు నిలుచు చోట్లను, బడి, ఆసుపత్రి గుమ్మముల ముందర బండి నిలుపుట నిబంధనలకు విరుద్ధము. అట్టి చోట నిలిపినవానికి, నష్టములో కొంత పాలు నీదేనను జవాబు ఎదురు కావచ్చును. జాతర దినములలో నాలుగు అడుగులు ఎక్కువ నడచినను, నిర్ణయించిన మైదానముననే నిలుపుట మంచిది. రహదారిపై బండి చెడినచో ప్రమాదసూచక దీపములు వెలిగించి, 1033 నంబరుకు ఫోను చేయవలెను.

ఇంతవరకు దెబ్బ తిన్నవానితో మాటలాడితిమి. ఇపుడు దెబ్బ కొట్టినవానితో రెండు మాటలు. ఇరుకు బజారులో బండి వెనుకకు తీయుచు ప్రక్క కారును తాకించుట ఎవరికైనను జరుగగలదు. అప్పుడు చేయవలసినది పెద్ద పనియేమి కాదు. దిగి, యజమాని కొరకు కొంతసేపు చూచి, రానిచో పేరు, ఫోను నంబరు, బండి నంబరు, వేళ ఒక చీటీపై వ్రాసి అద్దము తుడుపు కర్ర క్రింద ఉంచవలెను. దాని ఫోటో తీసికొనవలెను. చీటీతో విధి తీరదు గనుక 24 గంటలలోపల దగ్గరి ఠాణాకును, తన బీమా సంస్థకును తెలుపవలెను. బీమా చేసినది ఇట్టి దినము కొరకే. ఆస్తి నష్టమును భరింపవలసినది ఆ సంస్థ. పారిపోయినచో జైలు, జరిమానా భరింపవలసినది తాను. లెక్క చూచినను, మనస్సాక్షిని అడిగినను ఆగుటయే లాభము.

ప్రతి బండిలోను పాలసీ ప్రతి, బీమా సంస్థ ఫోను నంబరు, ఒక కలము, నాలుగు తెల్ల కాగితములు ఉంచుకొనుడని మా మనవి. వాటిలో ఒక కాగితము ఫిర్యాదు వ్రాయుటకు పనికివచ్చును. రెండవది, ఎప్పుడైన మన చేతనే పొరపాటు జరిగినచో, చీటీ వ్రాయుటకు పనికివచ్చును.